మూతలో తేడా

పానకాలు పదో తరగతి రెండుసార్లు తప్పాడు. కాలేజీ రిజిస్టరులో ఆయన ఉద్యోగం 'అటెండర్, జంతుశాస్త్ర విభాగం'. అయినా, మా సముద్రంలో దొరికే వేటాడే నత్తల్లో ఏది ఏ కుటుంబానిదో చూసి చెప్పగల మనిషి గుంటూరు మొత్తం మీద ఆయన తప్ప ఇంకొకరు నాకు తెలియదు.

నేను ఆ కాలేజీలో లెక్చరర్‌గా చేరింది తొంభై ఆరు జూన్‌లో. మొదటిరోజు జంతుశాస్త్రం మ్యూజియం ఎక్కడని అడిగితే ఎవరో మెట్ల కింద తలుపు చూపించారు. లోపల కిటికీ పక్కన స్టూలు మీద, ఖాకీ చొక్కా వేసుకున్న సన్నటి మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను మూసి, రెండో కంటికి ఇత్తడి చట్రం ఉన్న చిన్న అద్దం ఆనించుకుని, గోరు మీద వడ్లగింజంత గుల్లని తిప్పి చూస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. ఆగమన్నట్టు వేలెత్తాడు. పెదాలు కదులుతున్నాయి.

“పందొమ్మిది,” అన్నాక లేచి నిలబడ్డాడు. “ఏమనుకోకండి మేడమ్. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికి రావాలి.”

“ఏం లెక్కపెడుతున్నారు?”

“గుల్ల మీద గీతలండి. ఈ రకానికి కింది చుట్టు మీద పందొమ్మిదో ఇరవయ్యో ఉంటయ్. దీని పక్కదానికి పద్నాలుగు దాటవు. పైకి చూస్తే రెండూ అక్కచెల్లెళ్ళే.”

ఆయనది మంగళగిరి, నేత కుటుంబం. పన్నెండేళ్ళకే గుంటమగ్గంలో దిగాడు. ఆ అద్దం వాళ్ళ నాన్నది. చీరలో అంగుళానికి ఎన్ని పోగులు పడ్డాయో చూసుకునే అద్దం. నాన్నకి చూపు ఆనక ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి పీకేశాక, డెబ్భై తొమ్మిదిలో ఈ కాలేజీలో కుదిరాడు. గదులు ఊడవడం, ప్రాక్టికల్స్‌కి కప్పలు తేవడం, వాటిని కోసిన ట్రేలు కడగడం ఆయన పని. నత్తల సంగతి ఉద్యోగంలో లేదు. అది ఎనభై ఐదులో లక్ష్మీకాంత్ గారు అప్పగించిన పని.

లక్ష్మీకాంత్ గారు మా విభాగానికి హెడ్. ఇలా రాస్తున్నప్పుడు కూడా ఆయనకి 'గారు' దానంతటదే వస్తోంది, పానకాలుకి రావడం లేదు. నేను ఎదుట 'గారూ' అని పిలిచినా, చాటున మా అందరికీ అప్పట్లో అదే అలవాటు. లక్ష్మీకాంత్ గారు టరిడ్ అనే కుటుంబం నత్తల మీద డాక్టరేట్ చేస్తున్నారు. ఇవి గోపురాల్లా సన్నగా మెలితిరిగిన గుల్లలు. చాలావాటికి గోరంత పొడవు కూడా ఉండదు. గుల్ల నోటి అంచున చిన్న గాటు ఉంటుంది, అదే వీటి గుర్తు. బురదలో పాకుతూ పురుగుల్ని వేటాడతాయి. వీటిలో చాలా రకాలకి ఒక్కో పన్ను బోలు సూదిలా చుట్టుకుని ఉంటుంది, దానితో విషం ఎక్కించి పురుగుని పడేస్తాయి. మనిషిని సైతం చంపగల కోన్ నత్తలు వీటికి దగ్గర చుట్టాలు. లోకంలో ఇవి వేల రకాలు. వేటిని వేటితో కలపాలో తేలక, గాటు ఉన్న ప్రతి గుల్లనీ వందేళ్ళపాటు ఈ ఒక్క కుటుంబంలోకే తోసేశారు.

లక్ష్మీకాంత్ గారికి సముద్రపు గాలి పడదు. అందుకని ఆదివారాలు పానకాలే పొన్నూరు, బాపట్ల మీదుగా బస్సులు మారి నిజాంపట్నం రేవుకి వెళ్ళేవాడు. మరపడవల వాళ్ళు చేపలూ రొయ్యలూ ఏరుకోగా మిగిలిన చెత్తని ఒడ్డున కుప్ప పోసేవాళ్ళు. ఆ కుప్పలో చేతులు పెట్టి సాయంత్రం దాకా వెదికేవాడు. ఆదెయ్య అనే పడవ మనిషి ఆయన కోసం ఒక తట్ట విడిగా ఉంచేవాడు. సోమవారం పొద్దున పానకాలు చొక్కా నీచు వాసన కొట్టేది. ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ ఆయన చేత కాఫీ తెప్పించుకునేవాళ్ళు కాదు.

తెచ్చిన నత్తల్ని వేడినీళ్ళలో వేసి, గుండుసూదితో కండ లాగి పారేసి, గుల్ల కడిగి ఆరబెట్టి ఇవ్వాలి. పుస్తకాలన్నీ గుల్లల గురించే కాబట్టి లక్ష్మీకాంత్ గారికి గుల్లలు చాలు. పానకాలు మాత్రం కండ పారేసేవాడు కాదు. హోమియో మాత్రల ఖాళీ సీసాలు సంపాదించి, ఒక్కో నత్త కండని స్పిరిట్‌లో వేసి, గుల్లకి ఏ నంబరు ఇచ్చాడో సీసాకీ అదే నంబరు కట్టేవాడు. లాటిన్ పేర్లు తెలుగులో రాసుకునేవాడు. జెమ్ములా, లోఫియోటోమా, ఇంక్విసిటర్. చేరిన కొత్తలో నేను గుల్లలు గుర్తుపట్టడం నేర్చుకుంది ఆయన దగ్గరే. క్లాసులో అది నా చదువులాగే చెప్పుకునేదాన్ని.

“కండతో ఏం చేస్తారు పానకాలు గారూ?” అని ఒకసారి అడిగాను.

రెండు సీసాలు తీసి, పళ్ళెంలో వంచి, అద్దం నా చేతికిచ్చాడు. “మూతలు చూడండి మేడమ్.”

నత్త లోపలికి ముడుచుకున్నాక గుల్ల నోటికి అడ్డంపడే చిన్న మూత దాని కాలి మీదే ఉంటుంది. కండతోపాటు అదీ పోతుంది. చేప పొలుసులా పల్చగా, గోధుమరంగులో ఉన్నాయి రెండు మూతలూ.

“ఒకదానికి గీతలు కొస నుంచి మొదలైనయ్. రెండోదానికి పక్క అంచు మధ్యలోంచి. కనపడ్డయ్యా? ఈ రెండింటి గుల్లలు చూడండి ఇప్పుడు. నాకు కూడా తేడా దొరకలా. గీతలు కూడా సమానమే. పుస్తకంలో రెండూ ఒకటే పేరు. కానీ ఒకే మగ్గం మీద రెండు రకాల నేత ఎట్టా వస్తుందండి?”

నా ముందే ఈ మాట లక్ష్మీకాంత్ గారితో కూడా అన్నాడు. ఆయన పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించారు. “ఇదిగో, ఒకటే జాతి అని స్పష్టంగా ఉంది కదయ్యా.”

“పుస్తకం రాసినాయన మూత చూశాడాండి సార్?”

లక్ష్మీకాంత్ గారు పుస్తకం మూశారు. “రేపటికి కప్పలు తెచ్చావా?” అన్నారు.

తొంభై ఎనిమిదిలో ఆయనకి డాక్టరేట్ వచ్చింది. బైండు చేసిన థీసిస్ ఒకటి విభాగంలో పెట్టారు. అరవై ఒక్క రకాలు, ఒక్కోదానికీ గీతల లెక్కతో సహా వర్ణన. మర్నాడు పానకాలు ఆ పుస్తకం రెండు చేతుల్లో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“మొదట్లో అందరికీ నమస్కారాలు రాస్తారంటగా మేడమ్. చదివి పెట్టండి.”

చదివాను. గైడు, యాజమాన్యం, ప్రిన్సిపాల్, తల్లిదండ్రులు, భార్య. చివరి వాక్యం ప్రయోగశాల సిబ్బందికి.

“సిబ్బంది అంటే?”

“మీరే పానకాలు గారూ.”

ఆ పేజీని కిందిదాకా చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడాయన. తన పేరులో మొదటి అక్షరం కోసం వెదుకుతున్నాడని నాకు అర్థమైంది. “సరేనండి,” అని పుస్తకం బీరువాలో పెట్టేశాడు. తరవాతి ఆదివారం మళ్ళీ నిజాంపట్నం వెళ్ళాడు. సార్ పని అయిపోయింది కదా, ఇంకెందుకని అడిగితే, “నా పని అవలేదుగా,” అన్నాడు.

రెండువేల ఒకటి సెప్టెంబరులో నేను విశాఖపట్నంలో రిఫ్రెషర్ కోర్సుకి వెళ్ళాను. అక్కడ నత్తల వర్గీకరణ మీద ఒకాయన మాట్లాడారు. టరిడ్ కుటుంబం మొత్తం కూలిపోతోందన్నారు. గుల్ల రూపం మోసం చేస్తుందట. పళ్ళు, గొట్టం నోరు, మూత, లోపలి అవయవాలు చూస్తే ఒక్కటనుకున్నది చాలా కుటుంబాలట. వాటిలో కొన్ని పక్కింటి టరిడ్ల కంటే కోన్ నత్తలకే దగ్గరట. ఇన్నాళ్ళూ గుల్లలు కడిగి, కండ పారేసి మ్యూజియాలు నింపినవాళ్ళంతా ఇప్పుడు తలలు పట్టుకున్నారట. వింటుంటే నాకు కుర్చీలో కుదురు లేదు. గుంటూరు రైలు దిగి ఇంటికి కూడా పోకుండా కాలేజీకి వెళ్ళాను.

చెప్పిందంతా పానకాలు విన్నాడు. తరవాత, “అయితే మూత చూడాల్సిందేనన్నమాట,” అన్నాడు.

ఆ ఏడాదే ఆయన ముఖాన నవ్వు చూశాను. బట్టల్ని తెల్లబరిచే మందులో కండ కరిగిస్తే పళ్ళు మాత్రం మిగులుతాయని కోర్సులో చెప్పారు. అలాగే చేశాం. మొదటి పన్ను మైక్రోస్కోపు కిందకి వచ్చినప్పుడు ఆయన్నే చూడమన్నాను. కాగితం పొట్లంలా చుట్టుకున్న గాజు సూది, కొసన వెనక్కి తిరిగిన ముల్లు. ఆయన కన్ను తీయలేదు. “ఇది మూత గీతలు పక్క నుంచి మొదలయ్యే రకంది. రెండోది పెట్టండి,” అన్నాడు. రెండోదాని పన్ను పొట్టిగా, ముల్లు లేకుండా ఉంది. ఆయన చెప్పింది నిజం. ఒకటే పేరు కింద రెండు జాతులున్నాయి.

పద్నాలుగు నెలలు పట్టింది. అరవై ఒక్క రకాల్నీ మళ్ళీ కలిపేసి, పళ్ళనీ మూతల్నీ బట్టి కొత్తగా విడదీశాం. బల్ల మీద టరిడ్ల ఒక్క కుప్ప ఏడు కుటుంబాలైంది. అరవై ఒక్క రకాలు అరవై ఎనిమిదయ్యాయి. లక్ష్మీకాంత్ గారి థీసిస్‌లో సగం పేర్లు తప్పని తేలింది. ఆయన అప్పటికి ప్రిన్సిపాల్ అయ్యారు, మా గదికి రావడం మానేశారు. మూత తేడా ఉన్న ఆ నత్త బొమ్మలు పానకాలు చేత గీయించి, వివరాలు నేను ఇంగ్లీషులో రాసి, ఆ నత్తలు బాగా తెలిసిన ఒక విదేశీ శాస్త్రజ్ఞుడికి పంపాను. ఉత్తరం కింద రెండు పేర్లు పెట్టాను. ముందు పానకాలు పేరే.

జవాబు రాలేదు. ఈలోగా మా కోర్సు పోయింది.

మా పిల్లలంతా పత్తీ మిరపా పండించే ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. నేను చేరినప్పుడు జంతుశాస్త్రానికి అరవై సీట్లూ నిండేవి. రెండువేల రెండులో పదకొండుమంది. మరుసటేడు నలుగురు. అందరికీ కంప్యూటరు కావాలి. రెండువేల నాలుగు మార్చిలో యాజమాన్యం మా కోర్సు ఎత్తేసింది. నన్ను పర్యావరణం పాఠం చెప్పుకోమన్నారు. పానకాల్ని ఆఫీసులోకి మార్చారు. ఏప్రిల్ చివర్లో కరపత్రాలు చేతికిచ్చి, ఊళ్ళ మీద తిరిగి కంప్యూటరు కోర్సుకి పిల్లల్ని పోగుచెయ్యమని పంపించారు.

వెళ్ళేముందు నా దగ్గరికొచ్చాడు. “గది ఖాళీ చేస్తారంటున్నారు మేడమ్. గుల్లలు బీరువాలో ఉన్నయ్, తాళం సార్ దగ్గరుంది. సీసాలు మాత్రం మూడు ట్రంకు పెట్టెల్లో సర్దాను. నేనొచ్చేదాకా కాస్త చూస్తారా?”

“చూస్తాను. నిశ్చింతగా వెళ్ళండి.”

ఇంకో వారానికి లక్ష్మీకాంత్ గారు పిలిచారు. జూన్‌లో కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి కమిటీ వస్తోంది, ఆలోపు మెట్ల కింద గది కంప్యూటర్లకి సిద్ధం కావాలి. “నాగజ్యోతీ, పనికిరాని సామాను లిస్టు రాసి సంతకం పెట్టివ్వమ్మా. విభాగం తరఫున నువ్వే కదా మిగిలింది.”

రాశాను. విరిగిన స్టూళ్ళు, అస్థిపంజరం, ఫార్మలిన్ జాడీలు. ట్రంకు పెట్టెల దగ్గర కలం ఆగింది.

“సార్, ఆ సీసాలు...”

“స్పిరిటమ్మా అది. కంప్యూటర్ల గదిలో నిప్పంటుకుంటే ఎవరిది బాధ్యత? నీ ఇంటికి పట్టుకెళ్తావా?”

పట్టుకెళ్తానని అంటే సరిపోయేది. ఆటోలో మూడు పెట్టెలు పడతాయి. కానీ ఆ వాసన ఇంట్లో ఎలాగని అనుకున్నాను. అత్తగారు ఏమంటారో అనుకున్నాను. ఎండ మండిపోతోంది, రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్దాంలే అనుకున్నాను. నా ఉద్యోగం కూడా ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులవి, ప్రిన్సిపాల్ ముందు ఎదురు మాట్లాడటానికి నోరు రాలేదు. లిస్టులో రాశాను: 'చిన్న సీసాలు, మూడు పెట్టెలు.' కింద సంతకం పెట్టాను.

మర్నాడు తొమ్మిదింటికి వెళ్ళేసరికి గది కడిగేసి ఉంది. వెనక దొడ్డివైపు నుంచి స్పిరిట్ వాసన వస్తోంది. వెళ్ళి చూశాను. సీసాలు కడిగి గోనెసంచిలో వేసుకుంటున్నారు ఇద్దరు కూలివాళ్ళు. కాలవలో తెల్లటి ముక్కలు, వాటి చుట్టూ నానిన కాగితపు చీటీలు. కాకులు వాలి ఒక్కో ముక్కా ఏరుకుని తింటున్నాయి. నేను వాటిని తోలలేదు. ఎందుకు తోలాలో కూడా తోచలేదు.

పానకాలు నాలుగు రోజులకి వచ్చాడు. ప్రత్తిపాడు వైపు మిరప కల్లాల్లో తిరిగి తిరిగి మొహం నల్లబడింది. ఇరవైరెండుమంది పిల్లల పేర్లు రాసుకొచ్చాడు. ఆఫీసులో ఆ కాగితం ఇచ్చి నేరుగా మెట్ల కిందకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఖాళీ గదిలో ఎలక్ట్రీషియన్ గోడకి రంధ్రాలు వేస్తున్నాడు.

“పెట్టెలు మీ ఇంట్లో పెట్టారా మేడమ్?”

అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ లేదు. చెప్పాను. లిస్టు నేనే రాశానని కూడా చెప్పాను.

ఆయన అరవలేదు. దొడ్లోకి వెళ్ళి కాలవ పక్కన గొంతుక్కూర్చుని, చీపురుపుల్లతో అడుగున బురద కెలికాడు. కండని కాకులు తినేశాయి గానీ మూతలు గట్టివి, కొన్ని మిగిలాయి. ఒక్కోటీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇరవై దాకా ఉంటాయి. అద్దం తీయలేదు.

“ఏ మూత ఏ గుల్లదో ఎట్టా చెప్పేది మేడమ్?” అన్నాడు. చేతిని వంచి వాటిని మళ్ళీ కాలవలోనే వదిలేశాడు.

అక్కడితో అయిపోలేదు. కమిటీ కోసం హాలు ముందు ఒక బోర్డు తయారు చేయించారు. నీలం రంగు అట్ట మీద గుల్లలు అతికించి 'స్వాగతం' అని రాయించారు. మొదటి అక్షరం కోన్ నత్తలతో, మిగతావి పానకాలు పందొమ్మిదేళ్ళుగా లెక్కపెట్టిన చిన్న గుల్లలతో. నంబర్ల చీటీలన్నీ ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయాయి. పానకాలు బోర్డు ముందు నిలబడి, ఒక గుల్లని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపాడు. ఫెవికాల్ పట్టేసింది. నోటి అంచు పుటుక్కున విరిగింది, గాటుతో సహా.

లక్ష్మీకాంత్ గారు అప్పుడే మెట్లు దిగుతున్నారు. “ఏవయ్యా పానకాలూ, బోర్డు పాడు చేస్తావా?”

“లేదండి సార్,” అని ఆ ముక్కని జేబులో వేసుకున్నాడు.

ఆగస్టులో విదేశం నుంచి జవాబు వచ్చింది. ఆలస్యానికి క్షమించమని రాశారాయన. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయనీ, మూత గీతలు పక్క నుంచి మొదలయ్యే ఆ నత్తకి ఇంకా శాస్త్రంలో పేరు లేదని తన నమ్మకమనీ రాశారు. స్పిరిట్‌లో ఉంచిన కండ రెండు మూడు నత్తలది పంపగలిగితే చాలట. గుల్ల ఒక్కటే అయితే ఉపయోగం లేదట. ఉత్తరం ఇద్దరి పేర్లతోనూ వచ్చింది. కవరు మీద పానకాలు పేరుకి ముందు 'డాక్టర్' అని టైపు చేసి ఉంది.

తెలుగులో చదివి వినిపించాను. కవరు తీసుకుని ఆ అక్షరాలు వేలితో తడిమాడు. “ఈ డాక్టర్ ఎవరండి?” అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

“మళ్ళీ దొరుకుతాయి పానకాలు గారూ. నేనూ వస్తాను నిజాంపట్నం.”

వెళ్ళాం. ఒడ్డున కుప్పలు లేవు. పానకాలు ఆరు నెలలుగా అటు వెళ్ళలేదు, ఈలోపే అంతా మారిపోయింది. ఆదెయ్య మమ్మల్ని చూసి వల పక్కన పెట్టాడు.

“చెత్త ఒడ్డుకి తేవట్లా మేష్టారూ. చేపల మేత చేసేవోళ్ళు లారీ పెట్టి గంపగుత్తగా ఎత్తుకుపోతన్నారు. నత్తలూ పీతలూ అన్నీ కలిపి మరలో ఏసి పిండి చేసేత్తారంట.”

“నా ఒక్క తట్ట పక్కన పెట్టరాదూ?”

“నా చేతిలో లేదయ్యా. పడవ ఇప్పుడు ఆళ్ళ మనిషి చూసుకుంటన్నాడు. దొరికితే జేబులో ఏసుకుంటాలే.”

ఆ డిసెంబరులో సునామీ ఉప్పెన వచ్చింది. ఆదెయ్య ప్రాణాలతో బయటపడ్డాడు, పడవ మిగల్లేదు. రేవులో మనుషులు కూడుకీ గుడిసెకీ వెదుక్కుంటున్నప్పుడు నత్తలేవని అడగడానికి పానకాలుకి మొహం చెల్లలేదు. ఏడాదిన్నర పాటు అటు వెళ్ళలేదు. మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టేసరికి ఆయన కళ్ళు పోవడం మొదలైంది. చక్కెర జబ్బు ఎప్పటి నుంచో ఉందట, పరీక్ష చేయించుకోలేదు. కంటి లోపల రక్తం చిమ్మిందన్నారు డాక్టర్లు. లేజర్ పెట్టించారు. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికన్నుకి ఎదుటి మనిషి ఆకారం మాత్రం తెలిసేది.

రెండువేల ఏడు వేసవిలో ఆదెయ్య వేరే పడవ మీద కుదిరి, మాట నిలబెట్టుకున్నాడు. మంగళగిరిలో వాళ్ళింటికి గుడ్డలో మూటగట్టి పదో పన్నెండో నత్తలు పంపించాడు. పానకాలు భార్య చెంచమ్మ కాలేజీకి ఫోన్ చేసింది. “మేడమ్ గారూ, ఆయన పొద్దుట్నుంచీ మూట పట్టుకుని కూర్చున్నాడండి. మీరొస్తేగానీ విప్పనంటున్నాడు.”

వెళ్ళాను. మూట విప్పాడు. ఒక్కో గుల్లనీ బొటనవేలి గోటితో గీరుతూ, కింది చుట్టు మీద గీతలు లెక్కపెట్టాడు. పెదాలు కదిలాయి. మొదటి రోజు చూసినట్టే ఉన్నాడు, చేతిలో అద్దం లేదు, అంతే తేడా. ఐదు గుల్లలు పక్కకి తీసి నాకిచ్చాడు.

“ఇయ్యే మేడమ్. గీతలు సరిపోయినయ్. మూత చూడండి.”

చూశాను. మూతల గీతలు కొస నుంచే మొదలయ్యాయి. ఐదింటికీ. ఇది పేరున్న పాత రకం, అందరికీ దొరికేది. రెండోసారి చూశాను, మూడోసారి కూడా చూశాను. ఆయన మొహం నావైపు తిప్పుకుని ఉన్నాడు. చివరికి తనే అడిగాడు.

“కొస నుంచేనా?”

“అవును.”

“పాడైపోయి ఉంటయ్, చెంచూ, తీసి బయట పారెయ్,” అన్నాడు. చెంచమ్మ ఆ గుడ్డతో సహా తీసుకెళ్ళింది.

ఆ మరుసటి ఏడాది ఆయన రిటైరయ్యాడు. సన్మానంలో లక్ష్మీకాంత్ గారు శాలువా కప్పి, పానకాలు కాలేజీకి చేసిన సేవ మరువలేనిదని, ఒక్కరోజు కూడా కప్పలు లేక ప్రాక్టికల్స్ ఆగలేదని మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రెండువేల తొమ్మిది నవంబరులో ఇంటర్నెట్‌లో ఒక పరిశోధన వ్యాసం నా కంటబడింది. బంగాళాఖాతం అవతలి ఒడ్డున దొరికిన ఒక కొత్త నత్తకి నలుగురు శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. గుల్లని బట్టి పాత రకం నుంచి విడదీయలేమనీ, మూత మీద గీతలు పక్క అంచు మధ్యలోంచి మొదలవడం, పన్ను కొసన ముల్లుండటం గుర్తులనీ రాశారు. బొమ్మ వేశారు. పానకాలు గీసిన బొమ్మే కళ్ళముందు కదిలింది. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళకి దొరికింది, వాళ్ళు పారేసుకోలేదు.

చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆయన కనిపెట్టింది సరైనదేనని తెలిస్తే మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఇప్పుడు తరచి చూసుకుంటే, కుదుటపడాలనుకున్నది నా మనసే. ఆ వ్యాసం ప్రింటు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం మంగళగిరి వెళ్ళాను.

పానకాలు వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండో కన్ను కూడా పోయింది. నా గొంతు విని లేవబోతే ఆపాను. చెంచమ్మ మంచినీళ్ళు తెచ్చింది. వ్యాసం మొత్తం తెలుగులో చెప్పాను. మూత దగ్గరికొచ్చేసరికి ఆయన చేతులు రెండూ మంచంపట్టెని పట్టుకున్నాయి.

“ఏం పేరు పెట్టారు?”

చెప్పాను. నోట్లో ఒకసారి అనుకున్నాడు. సరిగ్గా పలకలేదు, నేను దిద్దలేదు.

“మనం చెప్పింది నిజమేనని ఇప్పుడు లోకమంతా ఒప్పుకున్నట్టే కదా పానకాలు గారూ,” అన్నాను.

లోపల చెంచమ్మ గిన్నెలు సర్దుతోంది. వీధిలో ఎవరో పోగులకి గంజి పట్టిస్తున్నారు, ఆ పుల్లటి వాసన వస్తోంది.

“నేను మర్చిపోయాను మేడమ్,” అన్నాడు చివరికి. “సీసాలూ గుల్లలూ అన్నీ. అట్టా అనుకోటానికి నాకు ఐదేళ్ళు పట్టింది. ఈ సంగతి నాకెందుకు చెప్పారు?”

ఆయన ఎదురుచూశాడు, ఆ తరవాత ఎదురుచూడటం మానేసి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చెంచమ్మ గుమ్మం దాకా వచ్చింది. “ఏమనుకోకండి మేడమ్ గారూ. ఇవాళ అన్నం కూడా సరిగా తినలేదు. గుంటూరు బస్సు ఐదింటికుంది, ఇప్పుడు బయల్దేరితే అందుతుంది,” అంది.

బస్సు అందింది.